44 ఏళ్ల వయసులో పీహెచ్‌డీ కోసం కేంబ్రిడ్జ్‌కి.. బిగ్ బీ తండ్రి జీవితంలో ఆ రెండేళ్లు

అమితాబ్ బచ్చన్ తండ్రి కవి అని మనందరికీ తెలుసు. కేబీసీ చూసేవాళ్లకైతే బిగ్ బీ నోట బాబూజీ అన్న మాట ఎన్నిసార్లు విన్నారో లెక్కే ఉండదు. అగ్నిపథ్ సినిమా పేరు వచ్చింది ఆయన కవిత నుంచే. హోలీ వస్తే చాలు ప్రతి వీధిలో మోగే సిల్సిలా పాట రంగ్ బర్సే క్రెడిట్ కూడా ఆయనదే. కానీ హరివంశ్ రాయ్ బచ్చన్ ఇల్లు గడవడానికి చేసిన ఉద్యోగం ఏంటో తెలుసా? ఇంగ్లిష్ లెక్చరర్. హిందీ కాదు, ఇంగ్లిషే.

ఆ ఇంగ్లిష్‌లోనే డాక్టరేట్ చేయాలని ఆయనకి ఒక పట్టుదల. అది తీరేసరికి వయసు 46. దాని కోసం భార్యని, ఇద్దరు చిన్నపిల్లల్ని అలహాబాద్‌లో వదిలి రెండేళ్లకు పైగా ఇంగ్లండ్‌లో ఉన్నారు. తీరా పట్టా పట్టుకుని తిరిగొస్తే ఏం జరిగింది? ఆ కథే ఇది.

అన్నీ ఆలస్యమే..

1907 నవంబర్ 27న ఒక కాయస్థ కుటుంబంలో పుట్టారు హరివంశ్. వాళ్ల పూర్వీకుల ఊరు ప్రతాప్‌గఢ్ జిల్లాలోని బాబూపట్టి, పెరిగింది మాత్రం అలహాబాద్‌లో. ఇంటిపేరు శ్రీవాస్తవ. బచ్చన్ అనేది ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. మన దగ్గర చిన్నోడు, బుజ్జి అంటాం కదా, అలాంటిదే. దాన్నే కలం పేరుగా పెట్టుకున్నారు. తర్వాత అదే పిల్లలకి ఇంటిపేరు అయిపోయింది. ఈరోజు ప్రపంచమంతా తెలిసిన ఆ ఇంటిపేరు అసలు ఇంటిపేరే కాదన్నమాట.

చదువు విషయంలో ఆయనకి ఏదీ టైమ్‌కి జరగలేదు. 1930లో అలహాబాద్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఎంఏ చదువుతుండగా గాంధీజీ పిలుపు వచ్చింది. శాసనోల్లంఘన ఉద్యమం. చదువు మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతుకుతెరువు వేటే. పత్రికల్లో పనిచేశారు. అలహాబాద్‌లోనే అగర్వాల్ విద్యాలయలో టీచర్‌గా చేరారు. అప్పటికే పెళ్లయింది. భార్య శ్యామ. పెళ్లినాటికి ఆయనకి 19 ఏళ్లు, ఆమెకి 14.

1935లో మధుశాల పుస్తకం వచ్చింది. అంతే, పేరు మారుమోగిపోయింది. అందులో ఉన్నవి 135 రుబాయిలు. ప్రతి ఒక్కటీ మధుశాల అన్న మాటతోనే ముగుస్తుంది. సభల్లో ఆయన పాడుతుంటే కుర్రాళ్లు ఊగిపోయేవాళ్లు. మద్యాన్ని ప్రచారం చేస్తున్నాడని ఎవరో గాంధీజీకి ఫిర్యాదు కూడా చేశారు. గాంధీజీ ఆయన్నే పిలిపించుకుని కొన్ని పద్యాలు విని, ఇందులో తప్పేం లేదని తేల్చేశారు. ఇక్కడ అసలు విషయం ఏంటంటే, మధుశాల రాసిన ఈ కవికి మందు అలవాటే లేదు.

పేరొచ్చిన ఆ రోజుల్లోనే ఇల్లు కూలిపోయింది. శ్యామకి క్షయ. అప్పట్లో దానికి సరైన మందు లేదు. 1936 నవంబర్‌లో ఆమె చనిపోయారు. ఆ దెబ్బకి ఏడాది పాటు ఆయన కలం కదల్లేదు. తర్వాత వచ్చిన నిశా నిమంత్రణ్ పాటల్లో ఉన్నదంతా ఆ చీకటే. ఆ స్థితిలోనే ఏడేళ్ల కింద వదిలేసిన ఎంఏ మళ్లీ పట్టుకుని 1938లో పూర్తి చేశారు. తోటివాళ్లు ఉద్యోగాల్లో స్థిరపడిపోయారు, ఈయన 30 దాటాక ఎంఏ పరీక్షలు రాశారు. తర్వాత బనారస్‌లో బీటీ. 1941లో తను చదివిన అలహాబాద్ యూనివర్సిటీలోనే ఇంగ్లిష్ లెక్చరర్ ఉద్యోగం.

ఆ డిపార్ట్‌మెంట్ గురించి ఒక మాట చెప్పాలి. ప్రముఖ ఉర్దూ కవి ఫిరాఖ్ గోరఖ్‌పురి కూడా అక్కడ ఇంగ్లిషే చెప్పేవారు. ఒకే స్టాఫ్ రూమ్‌లో ఒక ఉర్దూ దిగ్గజం, ఒక హిందీ స్టార్. ఇద్దరి జీతం మాత్రం ఇంగ్లిష్ పాఠాలు చెప్పినందుకు! మన విశ్వనాథ, శ్రీశ్రీ ఒకే కాలేజీలో ఇంగ్లిష్ చెప్తున్నట్టు ఊహించుకోండి.

తేజీ వచ్చాక..

1941 ఆఖర్లో బరేలీలో ఓ స్నేహితుడి ఇంట్లో తేజీ సూరి పరిచయమయ్యారు. సిక్కు కుటుంబం, లాహోర్‌లో సైకాలజీ చెప్పేవారు. కొద్ది వారాల్లోనే పెళ్లి. కులం వేరు, మతం వేరు, ప్రాంతం వేరు. 1942 నాటి అలహాబాద్‌లో ఇది చిన్న విషయం కాదు. అదే ఏడాది అక్టోబర్ 11న అమితాబ్ పుట్టారు. ఆ పేరు పెట్టింది కవి సుమిత్రానందన్ పంత్. 1947లో రెండో కొడుకు అజితాబ్.

నెహ్రూ కుటుంబంతో బచ్చన్ల స్నేహం గురించి చాలా విని ఉంటారు. ఆ పరిచయం చేయించింది ఎవరో తెలుసా? మన హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు. ఆనంద్ భవన్‌లో ఈ కొత్త జంటని నెహ్రూలకి పరిచయం చేస్తూ, ఆయన కవి అయితే ఈవిడ కవిత అన్నట్టుగా చమత్కరించారని చెబుతారు.

ఉద్యోగం ఉంది, పేరుంది, ఇల్లు కళకళలాడుతోంది. మరి 44 ఏళ్లకి పీహెచ్‌డీ పిచ్చి ఎందుకు?

నాకు అర్థమైనంతలో దీనికి సమాధానం ఆయన కూర్చున్న కుర్చీలోనే ఉంది. హిందీ వాళ్లకి ఆయన ఇంగ్లిష్ మాస్టారు. ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌లో చూస్తే హిందీ పాటలు పాడే మనిషి. అక్కడ గౌరవం దక్కాలంటే పరిశోధన కావాలి. అది కూడా ఆక్స్‌ఫర్డ్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో చేసినదైతే ఇక తిరుగులేదు. స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లయినా మన ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్లలో ఆ లెక్క అలాగే ఉంది. డబ్ల్యూ.బి. యేట్స్ మీద పరిశోధన చేయాలనే కోరిక ఆయనకి అలహాబాద్‌లో ఉండగానే ఉంది.

1952 ఏప్రిల్‌లో బయల్దేరారు. అమితాబ్‌కి అప్పుడు తొమ్మిదేళ్లు. అజితాబ్‌కి ఇంకా ఐదు కూడా నిండలేదు. డబ్బు విషయంలో మొదటి నుంచీ కటకటే. నెహ్రూ చొరవతో కేంద్రం నుంచి కొంత సాయం అందింది కానీ, అది రెండేళ్ల ఖర్చుకి ఏ మూలకి? అక్కడ ఆయన ఖర్చు, ఇక్కడ ఇంటి ఖర్చు. ఇద్దరు పిల్లలతో ఆ భారమంతా మోసింది తేజీనే. ఇప్పట్లా వీడియో కాల్స్ లేవు. ఉన్నది ఉత్తరాలే. ఇంట్లో పిల్లాడికి జ్వరమొచ్చిన సంగతి అక్కడికి చేరేలోపు జ్వరం తగ్గిపోయి ఉండేది.

యేట్స్, దయ్యాలు, మంత్రాలు..

ఇప్పుడు అసలు మ్యాటర్‌లోకి వద్దాం. కేంబ్రిడ్జ్‌లో సెయింట్ క్యాథరిన్స్ కాలేజీలో చేరారు బచ్చన్. గైడ్ టి.ఆర్. హెన్. ఈయన మామూలు గైడ్ కాదు. పుట్టింది ఐర్లండ్‌లోని స్లైగోలో. యేట్స్ కవిత్వమంతా ఏ నేల మీద పెరిగిందో ఆ స్లైగోలోనే. 1939లో ఫ్రాన్స్‌లో చనిపోయిన యేట్స్ అవశేషాల్ని 1948లో తెచ్చి మళ్లీ సమాధి చేసింది కూడా ఆ స్లైగో ప్రాంతంలోనే. అప్పటికి రెండేళ్ల ముందే, అంటే 1950లో, హెన్ యేట్స్ మీద ద లోన్లీ టవర్ అనే పుస్తకం తెచ్చారు. యేట్స్ మీద పని చేయాలంటే అంతకంటే మంచి మనిషి దొరకడం కష్టం.

బచ్చన్ ఎంచుకున్న టాపిక్ ఏంటంటే.. యేట్స్ కవిత్వంలో క్షుద్ర విద్యలు, తాంత్రికం, అతీత శక్తుల మీద నమ్మకం. అవును, నోబెల్ వచ్చిన కవికి ఈ పిచ్చి బాగానే ఉండేది. గోల్డెన్ డాన్ అనే రహస్య మాంత్రిక సంఘంలో 1890లో చేరారు. దివ్యజ్ఞాన సమాజం స్థాపించిన మేడమ్ బ్లావట్‌స్కీ శిష్యరికం కూడా కొన్నాళ్లు చేశారు. 1917లో పెళ్లయిన కొద్ది రోజులకే ఆయన భార్య జార్జీ, ఏదో శక్తి చేయి పట్టి రాయిస్తున్నట్టు పేజీలకి పేజీలు రాయడం మొదలుపెట్టారు. ఆ కాగితాలన్నీ పోగేసి ఎ విజన్ అనే పుస్తకమే తయారుచేశారాయన.

ఇంగ్లిష్ విమర్శకుల్లో చాలామందికి ఇదో తలనొప్పి. గొప్ప కవే కానీ ఈ మంత్రాల గోల ఏంట్రా బాబూ అని పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. అయితే ఒక భారతీయుడికి అక్కడ ఒక దారి కనిపించింది. ఎందుకంటే ఆ దారిలో సగం మన దేశం మీదుగానే వెళ్తుంది. 20 ఏళ్ల కుర్రాడిగా డబ్లిన్‌లో ఉన్నప్పుడే యేట్స్‌కి మోహినీ ఛటర్జీ అనే బెంగాలీ దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు తారసపడ్డారు. 1912లో టాగోర్ గీతాంజలికి ముందుమాట రాసింది యేట్సే. ముసలితనంలో పురోహిత్ స్వామి అనే మరాఠీ సన్యాసితో కలిసి పది ఉపనిషత్తుల్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. లండన్ ప్రొఫెసర్‌కి గందరగోళంగా అనిపించేది, ఇంట్లో గీత, ఉపనిషత్తులు వింటూ పెరిగిన మనిషికి తెలిసిన వాసనే కదా!

ఇక్కడ మనకో చిన్న కనెక్షన్ ఉంది. యేట్స్‌తో పాటు డబ్లిన్ సాహిత్య ఉద్యమంలో ఉన్న జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి, అనీబిసెంట్ పిలుపుతో 1915లో ఇండియా వచ్చేశారు. వచ్చి ఎక్కడ పనిచేశారో తెలుసా? మన మదనపల్లె కాలేజీలో, ప్రిన్సిపాల్‌గా. 1919లో టాగోర్ మదనపల్లె వచ్చి జనగణమనని ఇంగ్లిష్‌లోకి అనువదించింది ఆ కజిన్స్ ఆతిథ్యంలోనే. అంటే, యేట్స్ వాళ్ల సర్కిల్ నుంచి రాయలసీమ దాకా ఒక గీత గీయొచ్చు.

కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ అంటే క్లాసులుండవు, నోట్సులుండవు. లైబ్రరీ, మీరు, మీ గైడ్. రాసింది తీసుకెళ్లి చూపించాలి, తిట్టించుకోవాలి, మళ్లీ రాయాలి. చివర్లో ఇద్దరు ఎగ్జామినర్లు థీసిస్ మొత్తం చదివి, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ఆ గది దాటితేనే డాక్టర్. పైగా క్యాంపస్‌లో అందరూ 20ల్లో ఉన్న కుర్రాళ్లు. వాళ్ల మధ్య 44 ఏళ్ల లెక్చరర్ మళ్లీ స్టూడెంట్ అవడం అంటే మామూలు సంగతి కాదు. పీహెచ్‌డీ చేస్తున్న మా ఫ్రెండ్‌ని ఎప్పుడు అయిపోతుంది అని అడిగితే వారం మాట్లాడదు. ఈయన్ని ఆ ప్రశ్న అడిగేది ఫ్రెండ్ కాదు, ఇంట్లో ఖాళీ అవుతున్న డబ్బు.

అందుకే ఆయన పరుగు పెట్టారు. యేట్స్ కాగితాల కోసం డబ్లిన్ కూడా వెళ్లారు. యేట్స్ భార్య జార్జీ అప్పటికి బతికే ఉన్నారు. ఆవిడని కలిశారు. ఎవరి చేతిరాత మీద తను అధ్యాయాలు రాస్తున్నారో, ఆ మనిషే ఎదురుగా! ఏ పరిశోధకుడికైనా ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? ఇంత చదువు మధ్యలో కూడా హిందీలో పాటలు రాయడం ఆపలేదు. డైరీ కూడా రాసుకున్నారు. అది తర్వాత ప్రవాస్ కీ డైరీ పేరుతో పుస్తకంగా వచ్చింది.

సాధారణంగా మూడేళ్లు పట్టే పనిని రెండేళ్లు దాటి కొద్ది నెలల్లో ముగించారు. 1954లో పట్టా చేతికొచ్చింది. కేంబ్రిడ్జ్ నుంచి ఇంగ్లిష్ సాహిత్యంలో డాక్టరేట్ అందుకున్న రెండో భారతీయుడు ఆయనేనని చెబుతారు.

తిరిగొచ్చాక సీన్ రివర్స్..

అదే ఏడాది డాక్టర్ బచ్చన్‌గా అలహాబాద్‌లో దిగారు. పిల్లలు పొడుగయ్యారు. తేజీ అలసిపోయారు. ఇక యూనివర్సిటీలో దశ తిరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. అదే జరగలేదు. మళ్లీ అదే లెక్చరర్ కుర్చీ. దేనికోసం అంత దూరం వెళ్లారో, ఆ గుర్తింపు సొంత యూనివర్సిటీలో దక్కలేదన్న బాధ ఆయన ఆత్మకథలో స్పష్టంగా కనిపిస్తుంది. పీహెచ్‌డీ చేసి కూడా కాంట్రాక్ట్ పోస్టులోనే ఏళ్లు గడుపుతున్న ఇప్పటి వాళ్లకి ఈ పేరా విడిగా వివరించక్కర్లేదనుకుంటా.

ఎక్కువ కాలం అక్కడ ఉండలేకపోయారు. 1955లో కొన్ని నెలలు ఆకాశవాణి అలహాబాద్ కేంద్రంలో ప్రొడ్యూసర్‌గా చేశారు. ఆ ఏడాది ఆఖరికే ఢిల్లీ. విదేశాంగ శాఖలో హిందీ వ్యవహారాలు చూసే ప్రత్యేక అధికారి. అంటే ఇంగ్లిష్‌లో కేంబ్రిడ్జ్ డాక్టరేట్ తెచ్చుకున్న మనిషికి ప్రభుత్వం ఇచ్చిన పని, ఇంగ్లిష్ కాగితాల్ని హిందీలోకి తేవడం! దాదాపు పదేళ్లు అదే చేశారు. ఆయనకి ఆ పని అవమానంగా అనిపించినట్టు లేదు. కానీ క్లాస్ రూమ్ మాత్రం శాశ్వతంగా దూరమైంది. యేట్స్ గురించి ఆయనకి తెలిసిందంతా స్టూడెంట్స్‌కి చెప్పే అవకాశమే లేకుండా పోయింది. ఈ కథలో నాకు ఎక్కువ బాధనిపించేది ఇదే.

మరి ఆ చదువంతా ఎటు పోయింది? రాత్రుళ్లు ఇంట్లో టేబుల్ మీదకి వచ్చింది. 1957లో షేక్‌స్పియర్ మాక్బెత్‌ని హిందీలోకి తెచ్చారు, అది కూడా ఛందస్సులో. దాన్ని స్టేజీ మీద ఆడినప్పుడు లేడీ మాక్బెత్ ఎవరో కాదు, తేజీ బచ్చనే. ఇంట్లో యాక్టింగ్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకి ఇదొక జవాబు. తర్వాత ఒథెల్లో, ఇంకా తర్వాత హామ్లెట్, కింగ్ లియర్. యేట్స్ పుట్టి వందేళ్లయిన 1965లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి కేంబ్రిడ్జ్ థీసిస్, ఇంగ్లిష్‌లో. రెండోది యేట్స్ కవితలకి హిందీ అనువాదం, మరకత ద్వీప్ కా స్వర్. ఐర్లండ్‌ని పచ్చల ద్వీపం అంటారు కదా, ఆ పేరు అక్కడి నుంచే. థీసిస్ అచ్చులోకి రావడానికి పదకొండేళ్లు పట్టింది.

1966లో రాజ్యసభకి నామినేట్ అయ్యారు. 1968లో దో చట్టానేం కవితలకి సాహిత్య అకాడమీ అవార్డు, 1976లో పద్మభూషణ్. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. ఆయన్ని నిజంగా తెలుసుకోవాలంటే మాత్రం నాలుగు భాగాల ఆత్మకథ చదవాలి. 1969లో మొదటి భాగం వస్తే, 1985లో నాలుగోది. కేంబ్రిడ్జ్ రోజుల కోసమైతే మూడో భాగం బసేరే సే దూర్ చూడండి. గూటికి దూరంగా అని అర్థం. తన డిగ్రీ గొప్పతనం కంటే, ఇంటికి దూరమైన సంగతే పుస్తకం పేరుగా పెట్టుకున్నారు. ఈ ఆత్మకథకే 1991లో మొట్టమొదటి సరస్వతీ సమ్మాన్ వచ్చింది. హిందీ రాకపోతే రూపర్ట్ స్నెల్ చేసిన ఇంగ్లిష్ అనువాదం ఉంది, కుదించి నాలుగు భాగాల్నీ ఒకే పుస్తకంలో ఇచ్చారు.

1973లో మన్నాడే గొంతుతో మధుశాల రికార్డు వచ్చింది. అందులో మొదటి రుబాయి పాడింది బచ్చనే. యూట్యూబ్‌లో వెతకండి, దొరుకుతుంది. ఆ గొంతు వింటే కొడుకు గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఒక్క క్షణం అనిపిస్తుంది.

చివరి ఏళ్లు ముంబైలో కొడుకు దగ్గరే గడిపారు. 2003 జనవరి 18న, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ రెండేళ్లు అలహాబాద్ ఇంటిని ఒంటి చేత్తో నడిపిన తేజీ 2007 డిసెంబర్‌లో వెళ్లిపోయారు.